మూడో అంతస్తుకి మూడంగుళాలు

ఆఫీసులో ఆమెను అందరూ మట్టం అక్క అంటారు. వెనకాల కాదు, ఎదురుగానే అంటారు; ఆమె కూడా పలుకుతుంది. ఆమె పని అలాంటిది మరి. ఒక భవనాన్ని నలుగురు నాలుగు చోట్ల కూర్చుని కంప్యూటర్లలో కడుతూ ఉంటే, ఆ నలుగురి అంతస్తులూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో కనిపెట్టి ఉండాలి. గోడలూ గదులూ గీసే ఆర్కిటెక్టుది ఒక మోడల్. స్తంభాలు, బీములు, స్లాబులు లెక్కగట్టే వీళ్ళ ఆఫీసుది ఇంకో మోడల్. నీళ్ళ పైపులవాళ్ళది ఒకటి, కరెంటువాళ్ళది ఒకటి. అన్నిటినీ ఒకదానికొకటి ముడివేసి ఉంచుతారు. ఆర్కిటెక్టు మోడల్లో ప్రతి అంతస్తుకీ ఒక అడ్డగీత ఉంటుంది. మిగతావాళ్ళు ఆ గీతను తమ మోడల్లోకి దించుకుని, అసలు గీత కదిలితే చెప్పమని కంప్యూటర్‌కి కాపలా అప్పగిస్తారు. కదిలినప్పుడు అది హెచ్చరిక పెడుతుంది. అప్పుడొక మనిషి కూర్చుని, మనమూ మార్చుకోవాలా, ఆ తేడాని ఉన్నదున్నట్టు ఒప్పేసుకోవాలా అన్నది తేల్చాలి. ఆ మనిషే మట్టం అక్క.

ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది వినేవాళ్ళకి. కాళ్ళకింద నేల గురించి ఎవరు మాత్రం ఆలోచిస్తారు, తట్టుకుని బోర్లా పడేదాకా!

ఆమె తండ్రి గచ్చు పనివాడు. చెప్పులు విడిచి గదిలో నాలుగడుగులు వేసి, ఇదిగో ఈ మూల నీళ్ళు నిలుస్తాయి అనేవాడు, నిలిచేవి. కూతురు డ్రాయింగు కోర్సు చదివి, ట్రేసింగు కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి అంతస్తులు సరిచూసే ఉద్యోగంలో చేరితే మురిసిపోయాడు. తర్వాత కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పెళ్ళి కూడా ఈ పని చుట్టూనే తిరిగింది. మొగుడు సెంట్రింగ్ మేస్త్రి. స్లాబు వేసేముందు కింద జాకీలు నిలబెట్టి, పైన పలకలు పరిచి, కాంక్రీటుకి అచ్చు కట్టే మనిషి. ఆమె గీస్తుంది, ఆయన నిలబెడతాడు. "నీ గీత వెంట్రుకంత, నా దారం వేలంత. ఆ సందులోనే మన కాపురం" అని ఆయన ఎకసెక్కెం. అత్తగారు మాత్రం ఇరుగుపొరుగు దగ్గర తల ఎగరేసి చెప్పుకునేది: "మావాడు కట్టినవాటిలో ఒక్కటీ మళ్ళీ విప్పలేదమ్మా. కోడలి గీత అలాంటిది."

ఇరవై రెండేళ్ళు ఆ మాట నిలబడింది. నిలబడని రోజు పొద్దున, ఆరూ నలభైకి, ఆమె వంటింట్లో స్టవ్వు పక్కన గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలుచుంది.

పాత ఆసుపత్రి ఒకటి ఉంది. దాన్ని ఆనుకుని కొత్త భవనం లేస్తోంది. ఆ రోజు తొమ్మిదింటికి కొత్తదాని మూడో అంతస్తు స్లాబు వేస్తారు. వార్డులు పాతదాంట్లో, ఆపరేషన్ గదులు కొత్తదాంట్లో, మధ్యలో ఒక నడవా. రోగిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఆ నడవాలోంచే తోసుకెళ్ళాలి. అచ్చు కట్టింది ఆమె మొగుడి ముఠాయే. పద్దెనిమిది రోజులు పట్టింది. ఆయన అయిదున్నరకే సైటుకి వెళ్ళిపోయాడు.

స్లాబు రోజున అన్ని మోడళ్ళూ తెరిచి, భవనాన్ని తెర మీద నిలువునా కోసి ఒకసారి చూసుకోవడం ఆమెకు అలవాటు. ఎవరూ చెయ్యమన్నది కాదు. ముందురోజు సాయంత్రమే సర్వేవాళ్ళు పాత ఆసుపత్రిని కొత్తగా కొలిచి తీసిన మోడల్‌ని కూడా తెచ్చి జతచేశారు. ఆమె సరిగ్గా నడవా మధ్యలోంచి కోసింది. మొదటి అంతస్తు కలిసింది. రెండోది కలిసింది. మూడో అంతస్తు దగ్గర కొత్త కాంక్రీటు, పాత నేలకంటే ఆరంగుళాలు కిందికి ఉంది. అందులో మూడంగుళాలు తర్వాత పరిచే టైల్స్‌కీ, వాటికింది గచ్చుకీ పోతాయి. మరి మిగతా మూడూ?

పాత భవనం మోడల్‌నే ఎవరో వంకరగా దింపి ఉంటారనుకుంది. అలాగైతే మిగతా అంతస్తులు ఎలా కలుస్తాయి? ఆర్కిటెక్టు మోడల్ తెరిచి మూడో అంతస్తు గీత మీద నొక్కింది. పన్నెండు రోజుల కిందట పైకి జరిగింది. పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంది: పాత భవనాన్ని మళ్ళీ కొలిచాక సరిచేయడమైనది. జరిపినది డెబ్బై అయిదు మిల్లీమీటర్లు. అంటే మూడంగుళాలు. ఒక ఫోను లేదు, ఒక ముక్క లేదు. గీత జరిపేసి చేతులు దులుపుకున్నాడు మహానుభావుడు.

కానీ హెచ్చరిక రాకుండా ఉండదే. వస్తే తను చూడకుండా ఉండదే. బీరువా మీది నోటు పుస్తకం తీసింది. వచ్చిన ప్రతి హెచ్చరికా, దానికి తను ఏం చేసిందీ సొంత దస్తూరీతో రాసుకునే పుస్తకం అది. పన్నెండు రోజుల కిందటి పేజీలో నలభై ఒక్క హెచ్చరికలున్నాయి. ఇరవై ఏడో వరుసలో ఇలా ఉంది: మూడో అంతస్తు, డెబ్బై అయిదు, పాత కథే, ఒప్పుకున్నాను.

పాత కథేమిటంటే, ఆ నెల మొదట్లో ఆర్కిటెక్టు ఒకటో అంతస్తు గీతను డెబ్బై అయిదు పైకి జరిపాడు. ఆమె ఫోను చేసి అడిగింది. "ఇన్నాళ్ళూ గీత కాంక్రీటు పైన పెట్టాను, ఇప్పుడు టైల్స్ పైకి మార్చాను, మీ కాంక్రీటు కదపక్కర్లేదు" అన్నాడు. వారం తర్వాత రెండో అంతస్తు, అదే డెబ్బై అయిదు. మళ్ళీ ఫోను, మళ్ళీ అదే జవాబు. మూడోసారి మూడో అంతస్తుకి డెబ్బై అయిదు కనబడేసరికి ఆమె ఫోను తియ్యలేదు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివేసింది. ఈసారి గీత నిజంగానే పైకి లేచింది, అంతస్తుతో సహా. ఆమె కాంక్రీటు మాత్రం కిందే ఉండిపోయింది. ఇంకెవరైనా అయితే, ఏదో మారింది, ఏమిటో కనుక్కుందాం అనుకునేవాళ్ళు. అన్నీ తెలిసిన మనిషి గనక అడగలేదు.

ఆమె ఆ వరుస మీంచి కళ్ళు తియ్యలేదు. స్టవ్వు మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. అత్తగారు వచ్చి నాబ్ కట్టేసి, "పాలే కదే, కొంప మునిగినట్టు ఆ మొహమేమిటి?" అంది.

"మునిగింది అత్తయ్యా" అంది ఆమె. ఫోను తీసింది.

ముందు మొగుడికి చేసింది. ఆయన ఫోను క్యారేజీ సంచిలో ఉంటుంది, సంచి కింది అంతస్తులో మేకుకి వేలాడుతుంది. మోగి మోగి ఆగిపోయింది. సైటు ఇంజినీరుకి చేస్తే రెండుసార్లు బిజీ. మూడోసారి ఎత్తాడు, వెనక ఏదో మోటారు రొద. "మేడం, కాంక్రీటు పంపు వచ్చేసింది, తర్వాత మాట్లాడతాను" అని పెట్టేశాడు. ఇక ఆఫీసు పెద్దాయన. ఆ భవనానికి బీములూ స్తంభాలూ లెక్కగట్టింది ఆయనే.

"ఎంత తేడా?" అన్నాడాయన నిద్రగొంతుతో.

"మూడంగుళాలు సార్."

"మనది ఎక్కువా, తక్కువా?"

"తక్కువ."

"అయితే బెంగెందుకమ్మా? ఎక్కువైతే చెక్కాలి. తక్కువేగా, పైన గచ్చు మందంగా వేస్తే పోతుంది."

"అంతస్తంతా ఇంకో మూడంగుళాల గచ్చు అంటే ఎంత బరువో నాకంటే మీకే బాగా తెలుసు సార్. స్కానింగ్ మిషను కూడా ఆ అంతస్తులోనే పెడుతున్నారు. ఆ బీములకి అంత బరువు మీరు లెక్కలో వేశారా?"

"పోనీ, నడవాలో వాలు పెడదాం."

"ఆపరేషన్ గది తలుపు అక్కడే ఉంది సార్. పేషెంటుని వాలు మీద నిలబెట్టి తలుపు తీస్తారా?"

ఆయన గొంతు మారింది. నిద్రమత్తు పోయింది. "చూడమ్మా. ఆర్కిటెక్టుకి మెయిల్ పెట్టు. జవాబు రానీ. నువ్వు సైటుకి మాత్రం వెళ్ళకు. అందరి ముందూ తప్పు నాదే అన్నావంటే, అది నీ ఒక్కదానిదిగా మిగలదు. ఆఫీసుదవుతుంది."

"మనదే కదా సార్."

"కాదని నేననలేదు. వెళ్ళొద్దన్నాను."

మెయిల్ పెట్టింది. ఆర్కిటెక్టు పదింటికి ముందు లేచే జీవి కాదు. తొమ్మిదింటికి కాంక్రీటు పడడం మొదలైందంటే సగంలో ఆపేది ఉండదు; ఆపితే ఆ అతుకు దగ్గర జన్మలో బలం ఉండదు. పోసేస్తే గట్టిపడుతుంది. గట్టిపడ్డ స్లాబుని ఏ మెయిలూ పైకి లేపలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె చీర మార్చుకోను కూడా లేదు. నోటు పుస్తకం, ల్యాప్‌టాప్ సంచిలో పడేసి, వాకిట్లో చేతికందిన చెప్పులు తొడుక్కుని బస్టాపుకి పరిగెత్తింది.

బస్సు దొరికింది. కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. ఎనిమిదీ పదికల్లా వంతెన దాటాలి, దాటలేదు. ముందున్నది కాంక్రీటు లారీ. వెనకాల పెద్ద పీపా తాపీగా తిరుగుతూ ఉంది. సిగ్నలు పడ్డప్పుడల్లా లారీ ఆగింది, దాని వెనక బస్సూ ఆగింది. ఆ లారీ ఎక్కడికి పోతోందో ఆమెకు తెలుసు. ఈ వేళప్పుడు ఈ దారిలో ఇంకెక్కడికి పోతుంది? తన తప్పు తన కళ్ళముందే గిర్రున తిరుగుతూ వెళ్తుంటే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాల్సి రావడం పగవాడికి కూడా వద్దు. పక్కసీటులో ముసలాయన ఆమె మోకాలు ఊగడం చూసి, "ఆసుపత్రికామ్మా? ఎవరికి బాలేదు?" అని అడిగాడు.

"ఆసుపత్రికే అండీ" అంది. అబద్ధం కాదు కదా.

ఎనిమిదిన్నరకి బస్సు పూర్తిగా నిలిచిపోయింది. ఆమె దిగి నడిచింది. నడక పరుగైంది. యాభై దగ్గరపడుతున్న మనిషి, సంచి ఒక చంకన, కొంగు ఇంకో చంకన. ఆమె ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి లారీ కూడా వచ్చింది. దానికంటే ముందే ఇంకో లారీ లోపల పంపుకి ఆనుకుని ఉంది. పంపు చెయ్యి బారుగా సాగి మూడో అంతస్తు మీదికి వంగి ఉంది.

తాత్కాలికంగా కట్టిన మెట్లు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. మామూలు రోజైతే ఆమె ఇలాంటి మెట్లు ఎక్కదు, కళ్ళు తిరుగుతాయి. ఆ రోజు మూడంతస్తులూ ఒక్క బిగిన ఎక్కింది. పైన ఎండలో ఇనుప ఊచలు గళ్ళుగళ్ళుగా పరుచుకుని ఉన్నాయి. పాతికమంది పారలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పంపు గొట్టం చివర పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. అవతలి మూల, పాత ఆసుపత్రి గోడ దగ్గర, ఆమె మొగుడు చెయ్యి నడుం మీద పెట్టుకుని ఉన్నాడు. భార్యని అక్కడ చూసి ఆయన మొహం మారింది. ఆమె మాత్రం తిన్నగా ఇంజినీరు దగ్గరికి నడిచింది, ఊచల మీద తూలుకుంటూ.

"ఆపండి బాబూ. పొయ్యొద్దు."

ఇంజినీరు వాచీ చూసుకున్నాడు. మంచివాడే, కానీ వారం రోజులుగా నిద్రలేనివాడు. "ఏమైంది మేడం?"

"మూడంగుళాలు కింద ఉంది ఇది."

"లేదు మేడం. మట్టం మిషను పెట్టి నేనే మూడుసార్లు చూశాను. డ్రాయింగులో ఎంతుందో అంతే ఉంది."

"డ్రాయింగే తప్పు."

ఇంజినీరు మెల్లగా అడిగాడు: "ఎవరు చేశారు?"

పెద్దాయన మాట ఆమెకు గుర్తొచ్చింది. అయినా మాట దానంతటదే వచ్చింది. "నేనే. గీత పైకి జరిగిందని హెచ్చరిక వచ్చింది. ఎందుకు జరిగిందో కనుక్కోకుండా ఒప్పేసుకున్నాను. ఇదిగో, నా రాతే" అని పుస్తకం తెరిచి చూపించింది. ఇరవై ఏడో వరుస మీద వేలు పెట్టింది.

ఇంజినీరు చదివాడు. పుస్తకం మూసి ఆమె చేతికే ఇచ్చాడు. "మేడం, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు సరే అన్నదీ మీరే. ఈ రోజు కాదంటున్నదీ మీరే. అప్పుడూ కంప్యూటర్ చూసే చెప్పారు, ఇప్పుడూ కంప్యూటర్ చూసే చెబుతున్నారు. నేను ఏది నమ్మాలి? కింద రెండు లారీలున్నాయి, దారిలో ఇంకో నాలుగు. గంటలో పోయకపోతే పీపాలోనే బిగుస్తుంది. మీ పెద్దాయన చేత చెప్పించండి, ఆపుతాను."

పెద్దాయన చెప్పడు. అది ఆమెకు తెలుసు. "పోనీ కొలిచి చూడండి" అంది. "మిషను అక్కర్లేదు, డ్రాయింగూ అక్కర్లేదు. పాత ఆసుపత్రి నేల నుంచి కొలవండి. అదెక్కడికీ పోలేదుగా."

"మేస్త్రీ, ట్యూబు తెప్పించు" అన్నాడు ఇంజినీరు. పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస ఇక్కడా ఒక కొస అక్కడా పట్టుకుంటే రెండు చోట్లా నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఏ కంప్యూటరూ దాన్ని మోసం చెయ్యలేదు.

మేస్త్రి కదల్లేదు. మనిషిని కేక వెయ్యలేదు. కాలికింది పలకకేసి చూస్తూ నిలబడ్డాడు.

"మేస్త్రీ, నీకే చెప్పేది."

"ట్యూబు అక్కర్లేదు సార్. నిన్ననే పట్టాను."

"ఏమిటీ?"

"పాత కట్టడం పక్కన ఎప్పుడు కట్టినా ఒకసారి ట్యూబు పట్టి చూసుకుంటాను. నిన్న సాయంత్రం కూడా పట్టాను. టైల్స్‌కి మూడంగుళాలు వదిలేసినా, ఇంకో మూడు తక్కువే వచ్చింది."

ఇంజినీరు హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మరి నిన్న చెప్పవేం?"

మేస్త్రి ఇంజినీరుతోనే చెప్పాడు గానీ భార్య వైపు చూడలేదు. "రెండుసార్లు పట్టాను సార్. నీళ్ళు తేరుకోలేదేమో అని మళ్ళీ పట్టాను. అంతే వచ్చింది. ఆసుపత్రి కదా, గచ్చు ఏమైనా మందంగా వేస్తారేమో అనుకున్నాను. డ్రాయింగు తీసి చూశాను. సరిచూసినది అన్నచోట మా ఆవిడ సంతకం ఉంది. ఇక ట్యూబు చుట్టేశాను."

కింద లారీ పీపా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంజినీరు వంగి కిందికి చెయ్యి ఊపాడు. "పంపు ఆపండి. లారీలు వెనక్కి పంపించండి." తర్వాత ఫోను చెవికి పెట్టుకుని పక్కకు వెళ్ళాడు. పారలు ఒక్కొక్కటే ఊచల మీద వాలాయి.

ఆపగలిగాను అన్న ఊరట రావాలి ఆమెకు. రాలేదు. వచ్చేదారంతా ఎవరేమంటారో అని భయపడింది. తీరా ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమెను కూలదీసింది ఇంకొకటి. నీళ్ళు నిజం చెప్పాయి. ఆయన కళ్ళు నిజం చెప్పాయి. రెండుసార్లు చెప్పాయి. తన సంతకం వాటి నోరు నొక్కింది. ఈ పొద్దున తెర మీద కోసి చూసే అలవాటే లేకపోతే, ఆయన తన చేతులతో, తప్పని తెలిసి తెలిసి, ఆ అచ్చులో కాంక్రీటు పోయించేవాడు.

ఊచల మీద మెల్లగా నడిచి ఆయన దగ్గరికి వెళ్ళింది. "రాత్రి ఇంటికొచ్చారుగా. ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారుగా. నన్నొక్క మాట అడగొచ్చుగదండీ."

"ఏమని అడగను?" అన్నాడాయన. "నీ గీత తప్పా అని అడగనా? ఇరవై రెండేళ్ళలో ఎప్పుడు తప్పిందని?"

ఆమెకు ఏడుపొచ్చింది. పాతికమంది ముందు ఏడవడం ఇష్టం లేక పాత ఆసుపత్రి గోడ వైపు తిరిగి నిలబడింది. ఆయన పక్కనే నిలుచున్నాడు. ఇక ఊచలు విప్పాలి, పలకలు దించాలి, ప్రతి స్తంభాన్నీ మూడంగుళాలు పెంచాలి, ప్రతి జాకీనీ లేపాలి. పద్దెనిమిది రోజుల పని. ఆయన కట్టినదాన్ని ఆయనే మొదటిసారి విప్పబోతున్నాడు.

ఇంజినీరు తిరిగి వచ్చాడు, చేతిలో ఒక కార్డు. స్లాబు వేసేముందు అందరూ సంతకాలు పెట్టే కార్డు అది. "ఎందుకు ఆపామో రాసివ్వాలి మేడం. మీ పెద్దాయన గట్టిగానే మాట్లాడారు. నేను విన్నానంతే."

ఆమె కార్డు గోడకి ఆనించి రాసింది: మూడో అంతస్తు మూడంగుళాలు తక్కువగా గీశాను. తప్పు నాది. సంతకం పెట్టింది. కార్డు ఇంజినీరుకి ఇవ్వలేదు. మొగుడి వైపు చాచింది.

"కింద మీరు రాయండి. ట్యూబుకి ఎంతొచ్చిందో రాసి సంతకం పెట్టండి."

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేనెందుకు? నేను రాస్తే నీ మీద నేరం చెప్పినట్టుంటుంది."

"రాయండి."

"వద్దులే. నువ్వు రాశావుగా, చాలు."

"నేను రాస్తే చాలు అనుకునే కదండీ ఇంతదాకా వచ్చింది" అంది ఆమె.

ఆయన కార్డు తీసుకున్నాడు. సిమెంటు అంటిన వేళ్ళతో పెన్ను పట్టుకుని, చాలాసేపు ఆమె సంతకం కేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దాని కింద, పెద్దపెద్ద అక్షరాలతో, కూడబలుక్కుంటున్నట్టు రాశాడు: ట్యూబు పట్టాను. మూడంగుళాలు తక్కువ.